కర్నూలు పాతబస్తీ చూడాలంటే నీళ్ల గీత ఎక్కడుందో అడగండి

మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా ఊరు చూపించే పని నాదే. మా ఆడపడుచు పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తారు, కొండారెడ్డి బురుజు ముందు నిలబడి సెల్ఫీ దిగుతారు, "అయిపోయింది కదత్తా, పోదామా?" అంటారు. సినిమాలో హీరో విలన్‌ను చెంపదెబ్బ కొట్టింది ఇక్కడేనా అని అడుగుతారు. అంతే, వాళ్లకు కర్నూలు అయిపోయింది. నా పుట్టిల్లు వన్ టౌన్‌లో, హంద్రీ ఏటి వైపు ఒక సందులో. నాకు ఒళ్లు మండుతుంది. ఈసారి ఎవరొచ్చినా చేతిలో పెట్టడానికి ఇది రాస్తున్నా.

ఎండాకాలం మాత్రం రావొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఎండకు గోడలు కూడా సెగ కక్కుతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. పొద్దున ఆరున్నరకంతా బురుజు దగ్గర ఉండండి. కారు ఉంటే ఇంట్లోనే పెట్టి రండి. పాతబస్తీ సందుల్లో ఎదురుగా ఒక తోపుడు బండి వస్తే మీరు రివర్స్ చేసుకుంటూ వచ్చినంత దూరం వెనక్కి పోవాలి. రైల్వే స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "బురుజు" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

బురుజు అంటే కోట కాదు, కోటలో మిగిలిన ముక్క. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో కట్టిన కోట ఇది. అలంపురం కొండారెడ్డిని ఇందులో బంధించారని, ఆయన సొరంగం గుండా తుంగభద్ర కింద నుంచి గద్వాల కోటకు తప్పించుకున్నాడని చెప్తారు. నా చిన్నప్పుడు ఆ సొరంగం నిజమనే నమ్మినాను. ఇప్పుడు నమ్మను గానీ పిల్లలకు మాత్రం చెప్తాను. పైకెక్కితే చుట్టూ చూడండి. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. రెండు ఏర్లు కలిసే మూలలో ఇరుక్కున్నట్టు ఉంటుంది పాతూరు. ఆ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఊరి పేరు కూడా నీళ్ల ఒడ్డు కథే. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట, అందుకే కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు. వన్ టౌన్‌లో బండిమెట్ట అనే పేట ఒకటుంది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆ బండ్లే గుర్తొస్తాయి నాకు. చరిత్ర పంతుళ్లు ఒప్పుకుంటారో లేదో, నాకైతే ఆ లెక్క సరిపోయింది.

బురుజు దిగినాక టిఫినుకు హోటల్ వెతకొద్దు, ఉగ్గాని బండి వెతకండి. బొరుగులు అప్పటికప్పుడు నీళ్లలో వేసి, రెండు చేతులతో గట్టిగా పిండి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లే బండి అయితే నిలబడండి. పొద్దుననే కలిపేసి మూత పెట్టిన గిన్నెలో నుంచి తీస్తుంటే ముందుకు నడవండి, అది ముద్దైపోయి ఉంటుంది. మంచి ఉగ్గాని వేళ్లకు అంటుకోదు, పొడిపొడిగా రాలుతుంది. పక్కన మిరపకాయ బజ్జి తప్పకుండా ఉండాలి. బజ్జి లేకుండా ఉగ్గాని తినేవాళ్లను మా అమ్మ జ్వరమొచ్చిందా అని అడుగుతుంది.

ఇక సందుల్లోకి పోండి. మ్యాప్ పెట్టుకుని నడిస్తే అడుగడుక్కీ ఇరుక్కుంటారు, మనుషుల్ని అడగండి. ఇక్కడ సగం మాట తెలుగు, సగం ఉర్దూ. "అన్నా", "అక్కా", "భాయ్", పెద్దవాళ్లనైతే "పెద్దాయనా" అంటే ఎవరైనా ఆగి చెప్తారు. గడప ముందు కూర్చున్న ఆడవాళ్లను అడక్కుండా ఫోటో తీయొద్దు. దారి అడిగినాక ఇంకో మాట కూడా అడగండి: "2009లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" అని. ఈ ప్రశ్నకు కర్నూలు పాతబస్తీలో తెరుచుకోని తలుపు లేదు. టీ కూడా ఇస్తారు.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగినాయి. కింద శ్రీశైలం నిండి నీళ్లు వెనక్కి తన్నినాయి. మా అమ్మానాన్న పక్కవాళ్ల మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నారు. నీళ్లు తీసినాక మా అన్న ముందు గది గోడ మీద మేకుతో ఒక గీత గీసినాడు. ఆ గీత ఫ్యాన్ రెక్కకు జానెడు కింద ఉంటుంది. తర్వాత మూడుసార్లు ఇంటికి రంగు వేయించినాం. ప్రతిసారీ అమ్మ స్టూలు వేసుకుని పక్కన నిలబడి, ఆ గీత మీద బ్రష్ పడకుండా చూసింది. నా పదో తరగతి మార్కుల లిస్టు ట్రంకు పెట్టెలో తడిసి అట్టలా అయింది. మిద్దె మీద ఆరబెడితే సిరా పోయింది గానీ పేరు మిగిలింది. మా ఇంట్లో ఏ సంగతి చెప్పినా "నీళ్లకు ముందు" "నీళ్లకు తర్వాత" అనే లెక్క. ఇట్లాంటి గీతలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. అడిగితే చూపిస్తారు.

అక్కడి నుంచి ఉస్మానియా కాలేజీ వైపు నడవండి, "గోల్ గుమ్మజ్" అని అడుగుతూ. హంద్రీ ఒడ్డున ఉన్న ఇది అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, బీజాపూర్ సుల్తానుల తరఫున ఈ ఊరిని ఏలినవాడు. కట్టింది 1618లో. బీజాపూర్ గోల్ గుంబజ్ చూసి కట్టినారని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. అది మహమ్మద్ ఆదిల్‌షా సమాధి, ఆయన పోయింది 1656లో. మనదే పెద్దది, వయసులో. చెప్పులు బయట విడవండి, తలమీద చేతిరుమాలు వేసుకోండి. గుమ్మటాలను తలెత్తి చూసి వచ్చేయకుండా వరండా కమానుల కింద కాసేపు కూర్చోండి. ఎంత ఎండలోనూ అక్కడ నేల చల్లగా ఉంటుంది.

ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కథ కూడా తెలుసుకుని పోండి. 1839లో తుపాకులు, ఫిరంగులు దాచినాడని ఇంగ్లీషువాళ్లు కోట పట్టుకుని, హంద్రీ అవతల జొహరాపురం దగ్గర పోరాడి ఆయన్ను బంధించినారు. తిరుచిరాపల్లికి పంపితే మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురైనాడు. ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953 నుంచి 1956 దాకా సంగతులు మీకు తెలిసే ఉంటాయి, గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులు. వాటి కోసం పాతబస్తీలో వెతికితే మాత్రం పెద్దగా ఏమీ దొరకదు.

కాళ్లలో ఇంకా ఓపిక ఉంటే ఆటో ఎక్కి కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, హంద్రీని దాటే చోటికి పోండి. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కాలువ ఇది, పడవలు కూడా నడపాలనుకున్నారు. నష్టం వచ్చి 1882లో ప్రభుత్వానికి అమ్మేసినారు. సుంకేసుల నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో పోతేనే చూడాలి. పోయిన సంక్రాంతికి ఆడపడుచు చిన్న కొడుకును తీసుకుపోయినా. బురుజు దగ్గర పది నిమిషాలు కూడా నిలవనివాడు, అక్కడ గట్టు మీద అరగంట కూర్చున్నాడు. కింద హంద్రీ, దాని మీద వంతెనలాగా కాలువ, అందులో నీళ్లు. "అత్తా, ఏటి మీద ఏరు పెట్టినారేంది, కింద పైన కలిపి తప్పు వేసినారా?" అన్నాడు.