డాబా తోటకి నీళ్ళు చాలట్లేదా? అగ్నిపర్వతం లోపలి రైతుల పద్ధతి చూడండి

వైజాగ్‌లో ఏప్రిల్ వచ్చిందంటే కుండీలకి రెండు పూటలా నీళ్ళు పోయాల్సిందే, అదీ ట్యాంకర్ నీళ్ళయితే అపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్ళు మనవైపు చూసే చూపే వేరు. మా డాబా మీద నేను చేసేది చా దాస్ కల్దేరాస్ రైతుల పద్ధతి, అంటే మట్టి పైన రాతి పలుకుల పొర ఉంచి తేమ పోకుండా కాపాడుకోవడం. ఆఫ్రికాకి పడమట కేప్ వెర్డే దేశంలో, ఫోగో దీవిలో, అగ్నిపర్వతం బిలం లోపలే సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది ఆ ఊరు. మనకి హుద్‌హుద్ వచ్చిన ఆరు వారాలకి, 2014 నవంబరు 23న అక్కడ లావా పొంగడం మొదలై, కొన్ని వారాల్లో దాదాపు ఇళ్ళన్నీ మింగేసింది. అయినా జనం తిరిగొచ్చి ఆ లావా మీదే ఇళ్ళు కట్టుకున్నారు! ఏరు లేదు, వాననీళ్ళు తొట్టెల్లో పట్టుకోవడమే, అలాంటి చోట ద్రాక్ష, అంజూర, దానిమ్మ పండిస్తారు.

అక్కడి నేలంతా నల్లటి రాతి పలుకులే. మామూలుగా మట్టిలో తేమ సన్నటి సందుల గుండా పైకి పాకి ఎండకి ఆవిరైపోతుంది, పైన గరుకు పలుకుల పొర ఉంటే ఆ పాకడం అక్కడితో ఆగిపోతుంది, వాన మాత్రం హాయిగా లోపలికి దిగుతుంది.

మనం చేయాల్సింది ఏంటంటే, బిల్డింగ్ మెటీరియల్ షాపులో బేబీ చిప్స్, అంటే సన్న కంకర, ఒక బస్తా తెచ్చుకుని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆ డస్ట్ కడగకుండా వేస్తే తడికి గట్టిపడి పెచ్చు కడుతుంది, అప్పుడు పోసిన నీళ్ళు కూడా దిగవు. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు. ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలు పోకండి, అది కాపాడుకోవాల్సిన చోటు.

కుండీలో మట్టి అంచుకి మూడు అంగుళాలు కిందే ఆపి, బాగా తడిపి, పైన రెండు అంగుళాల మందాన చిప్స్ పరవండి. కాండం చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ ఉంచాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. ఒక్కటి మాత్రం వాళ్ళని చూసి చేయకండి, నల్ల రాయి. ఆ ఎత్తులో రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి వాళ్ళకి సరిపోతుంది, మన మే ఎండకి వేళ్ళు ఉడికిపోతాయి, లేత రంగు చిప్సే అడగండి. డాబా అంతా పరిచే ఆలోచన ఉంటే మానుకోండి, రెండు అంగుళాల పొరే చదరపు మీటరుకి దాదాపు 75 కిలోలు తూగుతుంది. పెద్ద టబ్బులు బీముల మీదుగా పెట్టుకోవాలి.

దానిమ్మ, అంజూర, కంది దీనికి బాగా పనికొస్తాయి. కంది కేప్ వెర్డేలో కూడా పండిస్తారు, మనకేమో ఎలాగూ కందిపప్పు లేనిదే ముద్ద దిగదు. ఆకుకూరలకి ఇది కుదరదు, మళ్ళీ మళ్ళీ విత్తాలి కదా, ప్రతిసారీ రాళ్ళు ఏరుతూ కూర్చోవాలి.

నీళ్ళ సంగతికొస్తే, 120 గజాల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1,000 లీటర్లు. గొట్టానికి జాలీ కట్టి డ్రమ్ములోకి తిప్పండి, మొదటి వాన మురికి మాత్రం బయటికి వదిలేయండి, దోమలు రాకుండా మూత బిగించండి.

రోజూ పోసే అలవాటు మానడమే కష్టం. రాళ్ళు పక్కకి జరిపి, వేలు రెండో కణుపుదాకా దించి చూడండి, చల్లగా తగిలితే ఆ రోజుకి వదిలేయండి. చిప్స్ మధ్య మట్టి చేరి గడ్డి మొలవడం మొదలైతే, ఎత్తి కడిగి మళ్ళీ పరిస్తే సరిపోతుంది.