ఇంగ్లిష్ తప్పులు దిద్దుకోవాలంటే ముందు మన తెలుగు వాక్యాన్ని చూడండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు ఇంగ్లిష్ చెబుతాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దిగి నడిచి వచ్చేంత దూరమే కాబట్టి గాజువాక నుంచి, గోపాలపట్నం నుంచి, మధురవాడ నుంచి కూడా వస్తారు. బీచ్ రోడ్డు హోటళ్ళలో రిసెప్షన్‌లో పనిచేసే కుర్రాళ్ళు, పరవాడ మందుల కంపెనీల్లో షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చేవాళ్ళు, నర్సింగ్ పూర్తిచేసి విదేశాలకు వెళ్ళాలనుకునే అమ్మాయిలు, పిల్లల స్కూల్లో టీచరుతో ధైర్యంగా మాట్లాడాలని వచ్చే తల్లులు. చదువులు వేరు, వయసులు వేరు. తప్పులు మాత్రం దాదాపు అందరివీ ఒకటే. అందరి తలలోనూ ముందు తయారయ్యేది తెలుగు వాక్యం కావడమే దీనికి కారణం.

‘తెలుగులో ఆలోచించడం మానేయండి’ అనే సలహా నాకు అస్సలు నచ్చదు. అది అయ్యే పని కాదు, ఆ అవసరమూ లేదు. తప్పు ఏ తెలుగు మాట దగ్గర పుట్టిందో పట్టుకోండి. చాలాచోట్ల దిద్దుబాటుకు కావలసిన ఆనవాలు కూడా ఆ తెలుగు వాక్యంలోనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు ‘నుంచి’. ‘రెండేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అనే మాటను మనవాళ్ళు ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది క్రియలో. ఎప్పుడో మొదలై ఇవాళ కూడా సాగుతున్న పనికి తెలుగులో ‘పనిచేస్తున్నాను’ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో సరిపోదు. వెనకటినుంచీ వస్తున్న పని అన్న సంగతి క్రియలోనే తెలియాలి కాబట్టి ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాలి. రెండోది ‘సిన్స్’. మన ఒక్క ‘నుంచి’ చేసే పనిని ఇంగ్లిష్‌లో మూడు మాటలు పంచుకుంటాయి: ఫర్, సిన్స్, ఫ్రమ్.

వీటిని విడదీయడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి అక్కడ ‘పాటు’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళపాటు’ అనవచ్చు, ‘గంటపాటు’ అనవచ్చు. అలా అతికిందంటే ‘ఫర్’: ‘ఫర్ టూ ఇయర్స్’, ‘ఫర్ యాన్ అవర్’. ‘సోమవారంపాటు’, ‘చిన్నప్పటిపాటు’ అనలేం. అతకలేదంటే ‘సిన్స్’: ‘సిన్స్ మండే’, ‘సిన్స్ చైల్డ్‌హుడ్’. వెనకాల ‘దాకా’ కూడా వస్తుంటే ‘ఫ్రమ్’ వాడాలి. తొమ్మిది నుంచి ఆరు దాకా అంటే ‘ఫ్రమ్ నైన్ టు సిక్స్’.

క్లాసులో దీనికి కుర్సురా జలాంతర్గామిని ఉదాహరణగా చెబుతాను. రామకృష్ణా బీచ్‌లో అందరూ చూసినదే. అది 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవల నుంచి తప్పుకుంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. మొదటి రెండూ అయిపోయిన సంగతులు, ఏ సంవత్సరమో కూడా చెప్పేశాం. కాబట్టి మామూలు భూతకాలం చాలు: ‘ఇట్ జాయిన్డ్ ది నేవీ ఇన్ 1969’, ‘ఇట్ రిటైర్డ్ ఇన్ 2001’. మూడోది ఇవాళ్టికీ నిజం. అందుకని ‘ఇట్ హ్యాజ్ బీన్ ఎ మ్యూజియం సిన్స్ 2002’. ఇక్కడ ‘ఇట్ ఈజ్’ అంటే తప్పు. అలాగే మొదటి వాక్యంలో ‘హ్యాజ్ జాయిన్డ్’ అన్నా తప్పే. ఎప్పుడు జరిగిందో చెప్పారంటే, అది సంవత్సరం కానివ్వండి, ‘నిన్న’ కానివ్వండి, ‘పోయిన వారం’ కానివ్వండి, పక్కన ‘హ్యావ్’, ‘హ్యాజ్’ రావు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అన్నది ‘ఐ సా హిమ్ ఎస్టర్‌డే’ కావాలి.

‘హ్యాడ్’ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘నిన్న సింహాచలం వెళ్ళాను’ అనడానికి ‘ఐ హ్యాడ్ గాన్ టు సింహాచలం ఎస్టర్‌డే’ అంటుంటారు. ‘హ్యాడ్’ వాడితే గౌరవంగా ఉంటుందని కొందరి నమ్మకం. జరిగిన పని ఒక్కటే అయితే ‘ఐ వెంట్’ చాలు. జరిగినవి రెండు ఉండి, వాటిలో ముందు ఏది జరిగిందో చెప్పాలనుకున్నప్పుడే ‘హ్యాడ్’. తెలుగులో ‘అప్పటికే’ అన్న మాట చక్కగా కుదిరే చోటు అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. ఆ రోజుల గురించి చెప్పమంటే క్లాసులో ప్రతి ఒక్కరికీ ఒక వాక్యం ఉంటుంది. ‘తుఫాను తాకేసరికి అప్పటికే నీళ్ళు పట్టి ఉంచుకున్నాం’: ‘వి హ్యాడ్ స్టోర్డ్ వాటర్ బిఫోర్ ది సైక్లోన్ హిట్ ది సిటీ’. ముందు జరిగినదానికి ‘హ్యాడ్ స్టోర్డ్’, తర్వాతి దానికి ‘హిట్’.

ఇక ప్రశ్నలు. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే ఒక కుర్రాడు అతిథులను ‘కెన్ యు టెల్ మి వాట్ ఈజ్ యువర్ రూమ్ నంబర్?’ అని అడిగేవాడు. అతనికి ప్రశ్నలో ‘ఈజ్’ ముందుకు రావాలన్న నియమం బాగా తెలుసు. తెలిసినందువల్లనే రాకూడని చోటా తెచ్చేవాడు. తెలుగులో చెప్పమన్నాను. ‘మీ రూమ్ నంబర్ ఏమిటో చెబుతారా?’ అన్నాడు. ఆ ‘ఏమిటో’ చివర ఉన్న ఓకారాన్ని చూడమన్నాను. సూటి ప్రశ్నలో ‘ఏమిటి’, ‘ఎక్కడుంది’ అంటాం. అదే ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్ళగానే ‘ఏమిటో’, ‘ఎక్కడుందో’, ‘ఎప్పుడొస్తారో’ అవుతుంది. తెలుగులో ఓకారం వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో మాటల వరస మామూలుగానే ఉంటుంది: ‘కెన్ యు టెల్ మి వాట్ యువర్ రూమ్ నంబర్ ఈజ్?’ ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్.’ ఓకారం లేని సూటి ప్రశ్నలో మాత్రం వరస తిరగాలి: ‘వేర్ ఈజ్ హి?’, ‘వై ఆర్ యు లేట్?’ మనవాళ్ళు ‘వై యు ఆర్ లేట్?’ అంటారు, ఎందుకంటే తెలుగులో ప్రశ్నకైనా జవాబుకైనా మాటల వరస మారదు. ఈ ఓకారం సంగతి తెలిశాక ఆ కుర్రాడికి నియమం గుర్తుపెట్టుకోవలసిన పని లేకపోయింది. నాకు చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే.

‘డిడ్’ తర్వాత క్రియ విషయంలోనూ తెలుగు సాయం చేస్తుంది. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్నప్పుడు ‘వెళ్ళలేదు’ను రెండు ముక్కలు చేయండి: ‘వెళ్ళ’, ‘లేదు’. ‘వెళ్ళాను’లో ఉన్న భూతకాలం ‘వెళ్ళ’లో లేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే, కాలమంతా ‘డిడ్’ మోస్తుంది, వెనక మూలక్రియ ‘గో’ మిగులుతుంది. ‘వాన పడితే’ కూడా ఇలాంటిదే. ‘పడితే’లో భవిష్యత్తు గుర్తు లేదు కాబట్టి ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనకండి, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనండి.

ఆర్టికల్స్ (‘ఎ’, ‘యాన్’, ‘ది’) దగ్గర మనకు నిజంగానే కష్టం, ఎందుకంటే తెలుగులో అవి లేవు. ‘ఆమె నర్సు’ అన్న వాక్యంలో క్రియే కనబడదు, ఇక ‘ఒక’ ఎక్కడినుంచి వస్తుంది? వృత్తి చెప్పేటప్పుడు ‘ఎ’ తప్పనిసరి అని గుర్తుంచుకోండి: ‘షి ఈజ్ ఎ నర్స్’. మిగతా చోట్ల తెలుగు వాక్యంలో ‘ఒక’ పెట్టి చూడండి, ‘ఆ’ పెట్టి చూడండి. ‘ఒక ఆటో ఎక్కాను, ఆ ఆటో కంచరపాలెంలో ఆగిపోయింది.’ మొదటిది ‘యాన్ ఆటో’, రెండోది ‘ది ఆటో’. ఊళ్ళ పేర్లకు, పేటల పేర్లకు ఏదీ వద్దు. సింహాచలం సింహాచలమే. బంగాళాఖాతానికి, తూర్పు కనుమలకు మాత్రం ‘ది’ కావాలి: ‘ది బే ఆఫ్ బెంగాల్’, ‘ది ఈస్టర్న్ ఘాట్స్’.

‘ఎ’నా, ‘యాన్’ఆ అన్న సందేహం వస్తే ఆ మాటను తెలుగులో రాయండి. ఇంగ్లిష్ స్పెల్లింగు మోసం చేస్తుంది కానీ తెలుగు లిపి శబ్దాన్ని చూపిస్తుంది. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ‘యూనివర్సిటీ’ యకారంతో మొదలవుతుంది, కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. ‘అవర్’ అచ్చు, కాబట్టి ‘యాన్ అవర్’. ‘వన్’ వకారం, కాబట్టి ‘ఎ వన్ అవర్ జర్నీ’. ‘ఆర్టీసీ’ అచ్చు, కాబట్టి ‘యాన్ ఆర్టీసీ బస్’. ఒక్క జాగ్రత్త: మనలో చాలామంది ‘ఎగ్’ను ‘యెగ్’ అని, ‘ఎమ్మే’ను ‘యెమ్మే’ అని పలుకుతాం. ఆ యకారం మనం చేర్చింది. ఇంగ్లిష్‌లో అవి అచ్చులే: ‘యాన్ ఎగ్’, ‘యాన్ ఎమ్మే’.

విభక్తుల వల్ల వచ్చే తప్పులు చిన్నవి, కానీ మొండివి. ‘జీతం గురించి చర్చించాం’లోని ‘గురించి’ ‘అబౌట్’ అయిపోయి ‘డిస్కస్డ్ అబౌట్’ వస్తుంది. ‘డిస్కస్’లోనే ‘గురించి’ ఉంది, మళ్ళీ వద్దు. ‘టాక్’కు మాత్రం ‘అబౌట్’ కావాలి. ‘స్టేషన్‌కి చేరాను’లోని ‘కి’ వల్ల ‘రీచ్డ్ టు’ వస్తుంది, ‘రీచ్డ్ ది స్టేషన్’ చాలు. ‘నా మీద కోపం’ వల్ల ‘యాంగ్రీ ఆన్ మి’ వస్తుంది, అది ‘యాంగ్రీ విత్ మి’ కావాలి. ‘డాక్టరుతో పెళ్ళయింది’ వల్ల ‘మ్యారీడ్ విత్’ వస్తుంది, అది ‘మ్యారీడ్ టు’. బస్సులో, ఆటోలో రెండిటికీ మనకు ‘లో’ ఒక్కటే. లోపల లేచి నడవగలిగే వాహనమైతే ‘ఆన్’: బస్సు, రైలు, ఓడ, విమానం. కూర్చోవడమే తప్ప నడవలేనిదైతే ‘ఇన్’: కారు, ఆటో.

‘సామాన్లు’ బహువచనం కాబట్టి ‘లగేజెస్’ అంటాం. లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఈ నాలుగింటికీ బహువచనం చేయకండి. ఇక ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనేవాళ్ళు ‘నా స్నేహితుల్లో ఒకరు’ అని ఒక్కసారి పైకి అనుకుంటే చాలు, బహువచనం చెవిన పడుతుంది.

‘కదా’ను మనం ఏ వాక్యం చివరైనా తగిలించవచ్చు. అందుకే ‘యు ఆర్ కమింగ్, ఈజంట్ ఇట్?’ అంటాం. ఇంగ్లిష్‌లో అది వాక్యంలోని క్రియను బట్టి మారుతుంది: ‘యు ఆర్ కమింగ్, ఆరంట్ యు?’, ‘షి వర్క్స్ ఎట్ ది పోర్ట్, డజంట్ షి?’ మాట్లాడుతూ మాట్లాడుతూ ఇది కుదరకపోతే చివర ‘రైట్?’ అనండి, సంభాషణలో అది చెల్లుతుంది.

‘ఇక్కడే ఉంటాను’ అనడంలో ఆ చివరి ఏకారం మనకు ఎంతో ముద్దు. దాన్ని ‘ఓన్లీ’ చేసి ‘ఐ లివ్ హియర్ ఓన్లీ’ అంటాం. తెలుగులో ‘మాత్రమే’ పెట్టి చూడండి. ‘ఇక్కడ మాత్రమే ఉంటాను’ అన్నది మీరు చెప్పదలచిన మాట కాదు. అప్పుడు ‘ఐ లివ్ రైట్ హియర్’ అనాలి. ‘నేనే చేశాను’ అయితే ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’.

సాధన ఇలా చేయండి. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో రోజూ మీరు నిజంగా మాట్లాడే తెలుగు వాక్యాలు రాయండి, మీ పని గురించి, మీ ఇంటి గురించి. కుడి పేజీలో ఇంగ్లిష్. తప్పు దొరికితే ఇంగ్లిష్‌ను కొట్టేసే ముందు ఎడమవైపు ఏ తెలుగు ముక్క దానికి కారణమో దాని చుట్టూ సున్నా చుట్టండి. వారానికి ఒక్క తప్పునే పట్టుకోండి, ఆ వారం మిగతావి పోనివ్వండి. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగి దిద్దుకోవద్దు, మాట తడబడుతుంది. ఫోనులో రికార్డు చేసుకుని తర్వాత వినండి. ఎక్కువమంది తమ తప్పులను మొదటిసారి వింటూనే తామే పట్టేస్తారు.

రాసేటప్పుడు ఇంకొంచెం తేలిక. ఉద్యోగానికి దరఖాస్తు పంపే ముందు కంప్యూటర్‌లో ఆ ఉత్తరం తెరిచి ‘సిన్స్’, ‘అబౌట్’, ‘ఓన్లీ’, ‘హ్యాడ్’ అనే మాటలను ఒక్కొక్కటిగా వెతకండి. దొరికిన ప్రతిదాని దగ్గరా ఆగి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని, ‘పాటు’, ‘మాత్రమే’, ‘అప్పటికే’ పరీక్షలు పెట్టండి. ‘అబౌట్’ ముందు ‘డిస్కస్’ ఉంటే ‘అబౌట్’ తీసేయండి. ఆ తర్వాతే పంపండి.