మూలపడ్డ ఆర్ఎక్స్ 100 కార్బొరేటర్: లక్షణం చూసి జబ్బు పట్టుకోవడం

మా మేనమామ గారి యమహా ఆర్ఎక్స్ 100 బైకు తొమ్మిదేళ్లు రేకుల షెడ్డులో ధాన్యం బస్తాల పక్కన పడి ఉంది. దించి కిక్కు కొడితే ఉలుకూ పలుకూ లేదు. వీధి చివర మెకానిక్ చూడగానే "కార్బొరేటర్ పోయింది, కొత్తది వేసేద్దాం" అన్నాడు. విప్పి చూస్తే ఆ కార్బొరేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే భాగం, పోలేదు, మూసుకుపోయింది, అంతే. ఈ బండి 1985 నుంచి 1996 దాకా వచ్చింది. 98 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను. దీనికి ఉండే మికుని (జపాన్ కంపెనీ) రకం కార్బొరేటర్ మొదటిసారి విప్పేవాళ్లకి కూడా లొంగుతుంది. కాకపోతే బండి ఏ లక్షణం చూపిస్తోందో చూసుకోకుండా విప్పితే, బిగించాక కూడా అదే బాధ ఉంటుంది.

ముందుగా ట్యాంకు సంగతి. మూత తీసి టార్చి వేయండి. అడుగున ఎర్రగా తుప్పు కనిపిస్తే కార్బొరేటర్ జోలికి వెళ్లకండి, ట్యాంకూ పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) లోపలి జాలీ శుభ్రం చేశాకే వెళ్లండి. నేను ఉల్టా చేశాను, కడిగిన కార్బొరేటర్ మూడు రోజుల్లో మళ్లీ తుప్పు పొడితో నిండిపోయింది. ప్లగ్గుకి నిప్పురవ్వ వస్తోందో లేదో కూడా ముందే చూసుకోండి, కరెంటు తప్పుకి కార్బొరేటర్‌ని తిట్టుకోవడం మామూలే.

విప్పేటప్పుడు మూడే మాటలు. స్క్రూలకి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడండి. ఈ జపాన్ డిజైన్ స్క్రూల ప్లస్ గాడి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి కాస్త తేడాగా ఉంటుంది, జారి తల అరిగిపోతే ఆ తర్వాత డ్రిల్లింగే గతి. ఇక విప్పిన ముక్కలు విప్పిన వరసలో పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టుకోండి. (ఆ ప్లేటు మళ్లీ వంటింట్లోకి రానివ్వరు, ముందే ఒప్పించుకోండి.) ఎయిర్ స్క్రూ (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు వెళ్లే గాలిని సరిచేసేది) తీసేముందు లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకోండి. నా బండిలో ఒకటిన్నర చుట్టు.

కాక్ తెరవగానే కింది గొట్టంలోంచి పెట్రోలు కారుతోంది

మూలపడ్డ బండ్లలో ముందుగా కనిపించేది ఇదే. కార్బొరేటర్ అడుగు గిన్నెలో, అంటే చాంబర్‌లో, పెట్రోలు ఒక మట్టానికి రాగానే ఫ్లోటు (పెట్రోలు మీద తేలే ముక్క) లేచి చిన్న సూదితో దారి మూసేయాలి. ఆ సూది మొన మీద గమ్ము పట్టినా, ఏళ్ల తరబడి ఒకేచోట నొక్కుకుని మొన చుట్టూ గీత పడినా దారి పూర్తిగా మూసుకోదు. ఇత్తడి ఫ్లోటు అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోలు నిండిందని అర్థం. ఎక్కడ చిల్లుందో తెలియాలంటే వేడి నీళ్లలో ముంచండి, బుడగలు చెప్తాయి. నీళ్లు వేడి చేసే పొయ్యి మాత్రం పెట్రోలుకి దూరంగా ఉండాలి.

బిగించాక బండికి ఎక్కించకముందే ఒక పరీక్ష ఉంది. కార్బొరేటర్‌ని తలకిందులు చేసి పెట్రోలు వచ్చే ముక్కులోకి శుభ్రమైన గొట్టం పెట్టి నోటితో ఊదండి. గాలి వెళ్లకూడదు. మామూలుగా నిలబెట్టి ఊదితే వెళ్లాలి. ఈ రెండూ కుదిరితే సూది బాగున్నట్టే. కుదరకపోతే సూదీ దాని సీటూ కలిపి మార్చండి, ఒక్కటే మార్చి డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి. కారుతున్నా పట్టించుకోకుండా వదిలేస్తే మంట ప్రమాదం సరే, పెట్రోలు ఇంజను అడుగుకి కూడా చేరుతుంది. అప్పుడు కిక్కు రాయిలా బిగుసుకుంటుంది.

చోక్ మీద స్టార్ట్ అవుతుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది

నా బండి జబ్బు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. చోక్ అంటే చల్లటి ఇంజను అంటుకోవడానికి పెట్రోలు ఎక్కువ ఇచ్చే ఏర్పాటు. యాక్సిలరేటర్ తిప్పకుండా బండి నిలబడాలంటే పెట్రోలు పైలట్ జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్క గుండా రావాలి. ఆ జెట్టు రంధ్రం వెంట్రుకంత సన్నం. నిలవ పెట్రోలు ఆవిరైపోయి మిగిలిన గమ్ము మొదట మూసేది దాన్నే. చాంబర్ విప్పగానే పాత వార్నిష్ డబ్బా మూత తీసిన వాసన వచ్చింది. అడుగున ముదురు పాకం రంగు పొర, ఇత్తడి జెట్ల మీద పచ్చటి చిలుము. మధ్యలో ఉన్న పెద్దది మెయిన్ జెట్టు. పైలట్ జెట్టు దాని పక్కనే సన్నటి గొట్టంలో లోపలికి దిగి ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే కడిగేశామంటారు.

దాన్ని తీసి ఆకాశం వైపు పెట్టి చూడండి. గుండ్రటి వెలుతురు చుక్క కనిపించాలి. నాకు ఏమీ కనిపించలేదు. రాత్రంతా కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగా దూరిస్తే చుక్క వెలిగింది. గుండుసూది మాత్రం వద్దు. ఉక్కు సూది మెత్తటి ఇత్తడిలో రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఆ తర్వాత జెట్టు మీద ఉన్న సైజు నంబరుకి అర్థం ఉండదు. చింతపండు పులుసులో వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఇత్తడి తళతళలాడుతుంది నిజమే, లోపలి గమ్ము మాత్రం కదలదు, బాడీని ఆ పులుపులో నానబెడితే లోహం తినేస్తుంది కూడా.

జెట్టు బాగైనంత మాత్రాన పని అయిపోదు, బాడీలో దాని దారి కూడా తెరుచుకోవాలి. ఎయిర్ స్క్రూ తీసి ఆ రంధ్రంలోంచి క్లీనర్ కొట్టండి. స్లైడు (గ్రిప్పు తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) కిందుగా ఇంజను వైపున్న చిన్న రంధ్రాల్లోంచి అది చిమ్మాలి. కళ్లజోడు పెట్టుకోండి, ఎటునుంచి తిరిగొస్తుందో తెలియదు. రబ్బరు ముక్కలన్నీ తీసేశాకే క్లీనర్ వాడాలి, లేకపోతే ఉబ్బిపోతాయి.

ఐడిలింగ్ దానంతట అదే పెరుగుతోంది, యాక్సిలరేటర్ వదిలినా దిగట్లేదు

రేసు కేబుల్ ఎక్కడైనా పట్టేస్తోందేమో ముందు చూడండి. కేబుల్ బాగుంటే గాలి లీకు అనుమానించాలి. కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్య రబ్బరు పగిలినా, రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలికే వెళ్లనిచ్చే పలచటి రేకుల తలుపు) దగ్గర గాస్కెట్ పోయినా దొంగగాలి లోపలికి వెళ్లి మిశ్రమం పలచబడుతుంది. టూ స్ట్రోక్‌కి ఇది మంచిది కాదు, పలచటి మిశ్రమంతో ఇంజను మరీ వేడెక్కుతుంది. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. అతుకులన్నీ బిగించినా తగ్గకపోతే క్రాంక్ (ఇంజను లోపల తిరిగే ఇరుసు) ఆయిల్ సీల్ పోయి ఉండొచ్చు, అది ఇంట్లో తేలే పని కాదు.

కార్బొరేటర్ విప్పి బిగించిన వెంటనే బండి అరిచిందంటే మాత్రం కారణం వేరు, స్లైడు తిరగేసి పెట్టి ఉంటారు. స్లైడు పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి, అడుగున కోసినట్టున్న వైపు ఎయిర్ ఫిల్టర్‌కి ఎదురుగా ఉండాలి. నేను తిరగేసి నొక్కేశాను. మొదటి కిక్కుకే ఇంజను చెవులు పగిలేలా అరిచింది, తాళం తిప్పి ఆపేసరికి చేతులు వణికాయి. కిక్కు కొట్టేముందు గ్రిప్పు తిప్పి వదిలి, స్లైడు 'టక్'మని పడుతోందో లేదో వినండి.

నల్లటి ప్లగ్గు, పొగ, మధ్య వేగంలో ముక్కుతూ వెళ్లడం

గ్రిప్పు మీద చిన్న టేపు ముక్క అంటించి, ఏ స్థానంలో ముక్కుతోందో చూసుకోండి. మొదట్లో పైలట్ జెట్టు, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడుకి వేలాడే పొడవాటి సూది, ఫ్లోటు సూది వేరు), ఆ పైన మెయిన్ జెట్టు పని చేస్తాయి. నీడిల్ క్లిప్పు ఒక గాడి పైకి పెడితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి పెడితే పెరుగుతుంది. ఒకసారికి ఒక్క గాడే మార్చండి, దాంతోపాటు ఇంకేదీ ముట్టుకోకండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు. ప్లగ్గు చాయ్ రంగులోకి వస్తే సరిపోయినట్టు. తెల్లబడితే పెట్రోలు చాలట్లేదు. అన్ని వేగాల్లోనూ ఒకేలా ముక్కుతుంటే చోక్ ప్లంజర్ చివరి రబ్బరు చూడండి, అది చెడిపోతే చోక్ ఎప్పుడూ తెరిచి ఉన్నట్టే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఈ పాత రబ్బర్లకి అది పడదు.

ఫుల్ రేసులో కిలోమీటరు వెళ్లాక ఊపిరాడనట్టు ఆగిపోవడం

మెయిన్ జెట్టు కంటే ముందు ట్యాంకు మూత చూడండి. దాని గాలి రంధ్రం మూసుకుంటే పెట్రోలు దిగదు. ఆగిన చోటే మూత తెరిచి మళ్లీ స్టార్ట్ చేయండి, హాయిగా వెళ్తే దొంగ దొరికినట్టే.

విడిభాగాల సంగతి: కార్బొరేటర్ రిపేరు కిట్లో వచ్చే గాస్కెట్లు, రబ్బర్లు వాడుకోండి గానీ పాత జెట్లు బాగుంటే పారేయకండి. నేను కొన్న కిట్లో జెట్టు మీద నంబరు అదే, రంధ్రం మాత్రం కంటికే పెద్దగా కనిపించింది.

అంతా బిగించాక ఇంజను బాగా వేడెక్కనివ్వండి. ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడిలింగ్ అన్నిటికంటే ఎక్కువున్న చోట ఆపి, పక్క స్క్రూతో వేగం తగ్గించుకోండి. ఈ బండిలో గ్రిప్పు తిప్పితే స్లైడుతో పాటు ఆయిల్ పంపు కేబుల్ కూడా కదలాలి, విప్పినప్పుడు అది జారి ఉంటుంది, తప్పక చూడండి. నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపి నడిపాను. పొగ కాస్త ఎక్కువొచ్చింది, పక్కింటివాళ్లు తలుపులేసుకున్నారు.