తిమ్మిరి కాళ్ళకు కుంపటి పెట్టకండి

మా రాయగడలో, మా వీధిలోనే ఉండే పెద్దాయనకు పోయిన వారం కాలి బొటనవేలు తీసేశారు. పదిహేనేళ్ళ షుగరు. నెల కిందట ఓ రాత్రి కాళ్ళు చల్లగా ఉన్నాయని కుంపటి దగ్గర చాపుకుని కునుకు తీశారు, పొద్దున బొబ్బలు చూసింది కోడలు, ఆయనకు నొప్పే తెలియలేదు.

మందులు మానకూడదని, తీపి తగ్గించాలని మీకు తెలుసు. నేను చెప్పేది ఒకటే: స్పర్శ తగ్గిన కాలికి వేడి పెట్టకండి. పాదాలకు వెళ్ళే నరాలు చాలా పొడవైనవి, షుగరు ముందు దెబ్బతీసేది వాటినే. మొదట సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉంటుంది, రాత్రిళ్ళు మంటలు. కొన్నాళ్ళకు మంట తగ్గితే నయమైందనుకుంటారు, కానీ నరం మరింత చచ్చుబడి ఉండొచ్చు. చల్లగా అనిపించే పాదం కూడా చేత్తో పట్టుకుంటే ఒక్కోసారి వెచ్చగానే ఉంటుంది. నిజంగానే చల్లగా ఉంటే రక్తం సరిగా అందడం లేదేమో, డాక్టరుకు చూపించండి, అప్పుడు కూడా వేడి వద్దు.

డాక్టరు రాసే ప్రీగాబాలిన్, డులోక్సెటిన్ లాంటివి మంట తగ్గించి నిద్ర పట్టనిస్తాయి, పోయిన స్పర్శను తేలేవు. వాటిని ఒక్కసారిగా ఆపకండి. ఏళ్ళ తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష అడగండి, అది తగ్గినా తిమ్మిర్లొస్తాయి.

వేడినీళ్ళ సంచి వద్దు. హీటరు వద్దు. భోగి మంటకు దూరంగా కూర్చోండి. వదులైన ఊలు మేజోళ్ళు చాలు. స్నానం నీళ్ళ వేడి, స్పర్శ బాగున్నవాళ్ళు చూడాలి. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళొస్తే అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. చెప్పుల్లో చెయ్యి పెట్టి చూశాకే తొడగండి. ఆనెలు బ్లేడుతో కోయకండి. బొబ్బ వస్తే నొప్పి లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి, పసరు పూయకండి. ఒంటిమీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్టు కావచ్చు, సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితం. కాళ్ళ బలం రోజుల్లోనే తగ్గుతూ ఆ నీరసం పైకి పాకితే విశాఖ రైలు కోసం తెల్లారేదాకా ఆగకండి, దగ్గర్లోని పెద్దాసుపత్రికి పరిగెత్తండి.

ఈ రాత్రే మీ అమ్మానాన్నలను కళ్ళు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను మెల్లగా తాకి చూడండి. ఆరింటిలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే, ఆ కాళ్ళ దగ్గరికి కుంపటి రానివ్వకండి.