గురువారం ఒంటిగంటకి భోజనం: సేవా క్లబ్బు కార్యదర్శి అయ్యేవాళ్ళకి

జూలై ఒకటిన మీరు మీ ఊరి సేవా క్లబ్బుకి కార్యదర్శి అవుతారు. పిన్ను పెడతారు, దండ వేస్తారు. ఆ వచ్చే గురువారం భోజనం ఎక్కడ, ఎంతమందికి, మాట్లాడేదెవరు అన్నదంతా అప్పట్నుంచి మీ మీదే ఉంటుంది. నాది గుంటూరు అరండల్‌పేటలో పన్నుల లెక్కలు చూసే ఆఫీసు. మా క్లబ్బులో కోశాధికారిగానూ చేశాను, కార్యదర్శిగానూ చేశాను. కొత్తగా వచ్చేవాళ్ళు నన్నడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ముందుగా అందరూ అడిగేది, వారం వారం కలవడం అవసరమా అని. 1905లో షికాగోలో నలుగురు ఒక ఆఫీసు గదిలో కూర్చుని రోటరీ అనే సేవా క్లబ్బు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒకరి ఆఫీసులో ఒకసారి చొప్పున కలిసేవాళ్ళు. 2016లో ఆ సంస్థే నెలకి రెండుసార్లు కలిసినా చాలని నియమం సడలించింది. చాలా క్లబ్బులు అటే వెళ్ళాయి. నేను మాత్రం వారం వారం కలవాల్సిందే అంటాను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడికి భోజనం పంపడానికి మాకు విడిగా మీటింగు పెట్టుకునే పని పడలేదు. వ్యాను ఎవరికుంది, ఎవరి వంటవాడు తెల్లారేసరికి వండి ఇవ్వగలడు, బెజవాడలో ఎవరి బావమరిది బాట తెలిసినవాడు, అన్నీ అందరికీ తెలుసు. సాంబారన్నం వద్దు, పొద్దున కట్టింది సాయంత్రం దాకా ఆగాలంటే పులిహోరే అని ఫోన్లోనే తేలిపోయింది. నెలకి ఒకటి రెండుసార్లే కలిసేవాళ్ళకి ఒకరి గురించి ఒకరికి ఇంత తెలియదు.

రోజు సంగతికొస్తే, మన దగ్గర సోమవారం, శనివారం ఒక్కపొద్దులుండేవాళ్ళు ఎక్కువ. ఆ రెండూ వదిలేయండి. హోటలు వాడు ఇన్ని ప్లేట్లకి తక్కువైతే కుదరదంటాడు, ఎంతమంది తిన్నా ఆ లెక్కకి డబ్బు కట్టాలి. కాబట్టి బుధవారం సాయంత్రం ఏడింటికల్లా గ్రూపులో పేర్లు రావాలి. పేరిచ్చి రానివాళ్ళ ప్లేటు డబ్బు వాళ్ళ దగ్గరే వసూలు చెయ్యండి. మొదట్లో కొందరు ముఖం మాడ్చుకుంటారు, నెల తిరిగేసరికి సర్దుకుంటారు. వంటకాలు పెంచకండి. పప్పు, ఒక వేపుడు, గోంగూర పచ్చడి, చారు, పెరుగు ఉంటే చాలు. బిర్యానీ పెట్టిన రోజు రెండున్నరకి కూడా ఎవరూ లేవరు. పైగా ప్లేటు ధర పెరిగితే చిన్న షాపులవాళ్ళు, ఉద్యోగస్తులు మెల్లగా రావడం మానేస్తారు.

ఒంటిగంటకి వడ్డన, ఒకటిన్నరకి మీటింగు మొదలని గంట కొట్టడం, రెండుంబావుకి ముగింపు. ఈ సమయాలు దాటనివ్వకండి. ఒంటిగంటకి ఇద్దరే ఉన్నా వడ్డన మొదలుపెట్టండి. గంట కొట్టాక అతిథుల పరిచయం, పుట్టినరోజులు, కార్యదర్శి ప్రకటనలు, ఇవన్నీ కలిపి పది నిమిషాలు. వక్తకి ఇరవై నిమిషాలు, ప్రశ్నలకి ఓ పావుగంట. షాపు కట్టేసి వచ్చినవాడు మూడింటికి ఎవరో వస్తానన్నారని లోలోపల కంగారుపడుతూ కూర్చోకూడదు. టైముకి వదిలేస్తే వచ్చే వారం తప్పకుండా వస్తాడు.

వక్తల కోసం పెద్ద పేర్ల వెంట పడకండి. నాయకుణ్ణి పిలిస్తే ఆయన వచ్చేసరికే రెండవుతుంది, ఆ తర్వాత శాలువాలు, ఫోటోలు. పనిచేసే మనిషిని పిలవండి. మా ఊరి దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం నుంచి శాస్త్రవేత్త వచ్చి ఎల్‌సీఏ 334 లాంటి మిరప రకాన్ని ఎలా ఎంపిక చేస్తారో చెబుతుంటే మిర్చి యార్డు వ్యాపారులు సైతం నోట్సు రాసుకున్నారు. ప్రభుత్వాసుపత్రి హెడ్ నర్సు, కార్పొరేషన్ నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, మున్సిపల్ స్కూలు హెడ్‌మాస్టరు, వీళ్ళ మాటల్లోంచే మా పనులన్నీ పుట్టాయి. వక్తకి శాలువా బదులు మంచి పుస్తకం ఇవ్వండి. ఆఖర్న ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "మేము ఏ పని చేస్తే మీకు భారం తగ్గుతుంది?"

ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. మా పెద్దాసుపత్రికి పల్నాడు, బాపట్ల, ప్రకాశం వైపు నుంచి కూడా రోగులొస్తారు. వెంట వచ్చినవాళ్ళు వరండాల్లో చాపలేసుకుని రోజుల తరబడి ఉంటారు. మేం అన్నం పొట్లాలు పట్టుకెళ్ళాం. మాచర్ల నుంచి వచ్చిన ఒకావిడ పొట్లం తీసుకుని, "మధ్యాహ్నం అన్నం ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారమ్మా. బిడ్డకి పాలపొడి కలపాలి, రాత్రిపూట వేణ్నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?" అంది. చేతిలో మూత వదులైన ఫ్లాస్కు ఉంది. హోటలు కట్టేసేలోపు అందులో నీళ్ళు పోయించుకొస్తుందట, అర్ధరాత్రికి చల్లారిపోతాయట. ఆ గురువారం వక్త లేకుండా ఈ ఒక్క విషయమే మాట్లాడుకున్నాం. వేణ్నీళ్ళ మిషను కొనడం తేలికే. ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా అనుమతి, కరెంటు లోడు, ఎవరూ కాల్చుకోకుండా కుళాయి ఎత్తు, మిషను లోపల నీళ్ళవల్ల పేరుకునే సున్నం పొరని మూడు నెలలకోసారి తీయించే మనిషి, వీటి గురించే ఎక్కువసేపు పట్టింది. మీరు ఏ వస్తువు ఇచ్చినా మూడేళ్ళ మరమ్మతు ఖర్చు కూడా అప్పుడే పక్కన పెట్టండి. లేకపోతే శిలాఫలకం మిగులుతుంది, వస్తువు మూలపడుతుంది.

స్కూళ్ళ విషయంలోనూ ముందు అడగాలి. ప్రభుత్వ బడి పిల్లలకి పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం విద్యార్థి మిత్ర కిట్టులోనే వస్తున్నాయి. క్లబ్బులు మళ్ళీ నోటుపుస్తకాలే పంచుతుంటాయి. ఒక బడిలో హెడ్‌మాస్టరు గారిని కూర్చోబెట్టి అడిగితే, ఆడపిల్లల బాత్రూము తలుపులకి గొళ్ళేలు లేవన్నారు. వడ్రంగికి ఒక పూట పని అది.

చలివేంద్రం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పెడతారు, ఆఖరిదాకా నడిపేవాళ్ళు తక్కువ. ఉగాది తర్వాత రిబ్బను కత్తిరిస్తారు, మేలో ఎండలు మండే వేళకి కుండ ఎండిపోయి ఉంటుంది. జూన్ పదిహేను దాకా నడపలేమనుకుంటే మొదలుపెట్టకండి. ఇరవై లీటర్ల క్యాను ఒకటి వంద గ్లాసులకి వస్తుంది. రోజుకెన్ని క్యాన్లు, ఎన్ని రోజులు, ఆ డబ్బంతా ముందే చేతిలో ఉండాలి. జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టండి. సభ్యులు వంతులేసుకుంటే వారానికే వంతు తప్పుతుంది. నీడ ఉండాలి, కుండలకి తడి గోనెసంచి చుట్టాలి, కుండలో ఎవరి చెయ్యీ పడకుండా కుళాయి బిగించిందే తెచ్చుకోవాలి. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు చాలు. చేపలకి వాడే ఐసు మాత్రం వెయ్యనివ్వకండి. ఈ పని మా దగ్గర చూసేది మిర్చి యార్డు వాళ్ళు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే సీజన్లో వాళ్ళు మీటింగుకి రాలేరు, హాజరు అడిగి విసిగించొద్దు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక వాళ్ళకి ఈ పని అప్పగించండి, ప్రాణం పెట్టి చేస్తారు.

రక్తదాన శిబిరం ఏడాదికోసారి పెద్దగా పెట్టడం కంటే నాలుగుసార్లు చిన్నవిగా పెట్టండి. రక్తకణాలు నిలవుండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని తలసీమియా పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కరోజే వందల యూనిట్లు ఇచ్చి ఏడాదంతా ఊరుకుంటే వాళ్ళకేం లాభం? ఒకటి తప్పకుండా మేలో పెట్టండి, కాలేజీలకి సెలవులై దాతలు దొరకని నెల అది. దాతకి 18 నుంచి 65 ఏళ్ళు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఇది ముందురోజే గ్రూపులో పెడితే వచ్చి వెనక్కి వెళ్ళేవాళ్ళు తగ్గుతారు. టిఫిన్ తినే రమ్మని చెప్పండి.

ఇక డబ్బు. భోజనం ఖాతా వేరు, సేవ ఖాతా వేరు, రెండు బ్యాంకు ఖాతాలు. బయటివాళ్ళిచ్చిన విరాళంలోంచి ఒక్క రూపాయి కూడా ప్లేటుకి పోకూడదు. దానికి రసీదు అదే రోజు ఇవ్వండి. పన్ను మినహాయింపు అడిగే దాతకి రూ. 2,000 దాటితే నగదు పనికిరాదని చెప్పి, చెక్కుగానో యూపీఐ ద్వారానో ఇవ్వమనండి. నెల మొదటి గురువారం రెండు ఖాతాల నిల్వా చదివి వినిపించండి. రెండు నిమిషాల పని, ఎవరి మనసులోనూ అనుమానం నిలవదు.

జూన్ ఆఖరివారంలో మీ తర్వాతి కార్యదర్శిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఫైలు అప్పగించండి. అందులో హోటలుతో ఒప్పందం, వక్తల ఫోన్ నంబర్లు, సభ్యుల బ్లడ్ గ్రూపులు, ఆసుపత్రి అనుమతి కాగితం, వేణ్నీళ్ళ మిషను మరమ్మతు చేసేవాడి నంబరు, ఆ సున్నం పొర మళ్ళీ తీయించాల్సిన తేదీ ఉండాలి.