బోడిగుట్టకు పచ్చదనం – 3వ పాఠం: లెవెల్ గీత, కందకం

పోయిన పాఠంలో మేకలు, గొర్రెలు ఎక్కకుండా గుట్టను ఎలా కాపాడుకోవాలో చూశాం. ఈసారి పార పట్టాలి. మొక్కల మాట ఇంకా ఎత్తను. పెన్నా, చిత్రావతి ఒడ్డున ఉన్న మన అనంతపురం గుట్టల మీద ముందు నిలవాల్సింది నీళ్లు. ఏడాదికి పడేదే సుమారు 550 మి.మీ. అందులోనూ గట్టి వాన వస్తే మట్టిని కూడా తీసుకుని ఎర్రగా వంకలోకి దిగిపోతుంది.

ఆ నీళ్లను ఆపడానికే వాలుకు అడ్డంగా కందకం. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో 750 లీటర్లు పడతాయి. దాని పైన 30 చదరపు మీటర్ల వాలు ఉందనుకోండి. 40 మి.మీ. వాన పడితే అక్కడ 1,200 లీటర్లు. సగం అక్కడే ఇంకినా, మిగతా 600 కందకంలోకి వస్తాయి. సరిపోయింది కదా! అయితే కందకం లెవెల్‌గా ఉంటేనే ఈ లెక్క. నేను మొదట్లో కంటి అంచనాతో ఒకటి తవ్వించాను. చూపుకు సమంగానే ఉంది. తొలి వానకే నీళ్లన్నీ ఒక మూలకు చేరి గట్టు తెగింది. ఇప్పుడక్కడ మోకాలి లోతు గండి.

అందుకే ఏ-ఫ్రేమ్, అంటే ఇంగ్లిషు A ఆకారంలో ఉండే, లెవెల్ చూసే కర్రల చట్రం. రెండు సమానమైన కర్రల్ని పైన కలిపి కట్టి, కాళ్లు విడదీసి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. పైకొన నుంచి దారంతో రాయి వేలాడదీయండి. కాళ్లు రెండు చోట్ల ఆనించి, దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో గుర్తు పెట్టండి. కాళ్లు తారుమారు చేసి, అవే చోట్ల నిలబెట్టి ఇంకో గుర్తు. రెండింటికీ సరిగ్గా మధ్యన లెవెల్. గాలి ఉంటే దారం ఊగి ప్రాణం తీస్తుంది, పొద్దున్నే వెళ్లండి.

ఒక కాలు కదలకుండా ఉంచి, రెండోది పైకీ కిందికీ జరుపుతూ దారం మధ్య గుర్తు మీదికి రాగానే అక్కడ మేకు కొట్టండి. అక్కడి నుంచి మళ్లీ తిప్పండి. ఈ మేకుల్ని కలిపితే వచ్చేదే లెవెల్ గీత, కందకాలు దాని వెంటే తవ్వాలి. పని గుట్ట పైనుంచి కిందికి సాగాలి. కింది వరస కందకాలు పై వరస ఖాళీలకు ఎదురుగా, ఇటుకలు పేర్చినట్టు రావాలి. తవ్విన మట్టిని దిగువ వైపు, అంచుకు జానెడు దూరంలో గట్టుగా వేయండి. అంచుకే పోస్తే మళ్లీ కందకంలోనే పడుతుంది. గడ్డపార దిగని రాతినేల అయితే తవ్వకండి, అదే గీత మీద రాళ్లు పేర్చండి.

విత్తనాలు గట్టు మీదే వేయాలి, కందకంలో వద్దు. అక్కడ ఒండ్రు కప్పేస్తుంది. తంగేడు, బందారు నా ఎంపిక. మేకలు రెండింటినీ పెద్దగా ముట్టవు. బందారు ఆకు పట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది. చైనాలో జిన్షా నది వేడి లోయల్లోనూ బీడు వాలుల మీద ఈ బందారే పెంచుతారు. రెండింటి గింజలకూ పెంకు గట్టి. మరిగిన నీళ్లు దించి, కాసేపాగి అందులో వేసి రాత్రంతా ఉంచండి. సగం మృగశిర వానకు చల్లి, సగం దాచండి. జూలై ఎండకు మొదటివి మాడిపోయినా, సెప్టెంబరు వానలకు రెండోవి ఉంటాయి.

వచ్చే పాఠంలోపు ఏ-ఫ్రేమ్ చేసి, ముందు మీ ఇంటి వాకిట్లోనే పెట్టి చూడండి. వాకిలి ఎటు వాలిందో తేలిపోతుంది.