దసరాకు ముందే రాసుకోవలసిన కానుకల నియమాలు

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపేవారైనా, జడ్చర్లలో చిన్న ఫ్యాక్టరీ పెట్టుకున్నవారైనా, వ్యాపారంలో ఇచ్చిపుచ్చుకునే కానుకలపై సిబ్బందికి నియమాలు రాసివ్వదలిస్తే దసరాకు నెల ముందే ఆ పని ముగించాలి. స్వీటు డబ్బాలు గేటు దాటాక రాసిన నియమం ఎవరో ఒకరిని వేలెత్తి చూపినట్టే ఉంటుంది.

మొదట తేల్చుకోవలసింది కానుక విలువ కాదు, పుచ్చుకునే మనిషి చేతిలో ఏ నిర్ణయం ఉందన్నది. గోనె సంచులకు కొటేషన్లు తెరిచే ఉద్యోగి, ధాన్యం తేమ చూసి ధర కట్టే ఉద్యోగి, లారీ బిల్లులు పాస్ చేసే గుమస్తా ఆ పని నడుస్తున్న రోజుల్లో అవతలివారి నుంచి బత్తాయిల బుట్ట కూడా తీసుకోరాదని స్పష్టంగా రాయాలి. నగదు, బంగారం, గిఫ్టు కార్డు ఎవరికైనా, ఎప్పుడైనా నిషేధమే. అందరూ పంచుకు తినే మిఠాయికి, డైరీకి, క్యాలెండరుకు ఇంత పట్టింపు అక్కర్లేదు. అసలు చిక్కు గద్వాల పట్టుచీర దగ్గర వస్తుంది. అది ఆఫీసుకు రాదు; గృహప్రవేశం పేరుతో నేరుగా ఉద్యోగి ఇంటికే వెళుతుంది. అందుకే కుటుంబసభ్యులకు అందినది ఉద్యోగికి అందినట్టేనని విడిగా ఒక వాక్యం ఉండాలి.

తిప్పి పంపలేని కానుకను రిజిస్టరులో ఎక్కించాలి. పెళ్లి పందిట్లో చదివింపులు రాసినట్టే తేదీ, ఇచ్చినవారి పేరు, వస్తువు, సుమారు విలువ రాసి, చివరకు దాన్ని ఏం చేశారో కూడా చేర్చాలి. యజమాని తనకు వచ్చినవాటిని ముందుగా రాయకపోతే ఆ పుస్తకం రెండో పేజీకి పోదు.

మనం ఇచ్చేవాటికీ హద్దులుండాలి. వ్యాపార సంబంధం వల్ల ఒక డీలరుకో ఏజెంటుకో ఇచ్చిన ప్రయోజనాల విలువ ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను) కట్టాలన్న నిబంధన 2022 జులై 1న అమల్లోకి వచ్చింది. సొంత పేరుతో చిన్న వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉన్నందున మీ ఆడిటరును అడిగి రాసుకోండి.

ప్రభుత్వోద్యోగుల విషయంలో మాత్రం పండుగ మర్యాద అన్న మాటకే చోటివ్వకూడదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో తెలియజేస్తేనే రక్షణ ఉంటుంది కాబట్టి, ఈ గడువునూ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064నూ నియమాల్లో చేర్చండి.

ఇదంతా తెలుగులో ఒక్క పేజీకి కుదించి, సిబ్బంది సంతకాలు తీసుకున్నాక, దసరాకు ముందు వెళ్లే కొనుగోలు ఆర్డర్లతోపాటు సరఫరాదారులకూ ఒక్కో ప్రతి పంపాలి.